నేను పొగిడిన మబ్బు

ఎల్లారెడ్డిలో పిల్లలకు సైన్సు చెప్పే నేను ఒకసారి ఆకాశం చూసి వెలగబెట్టిన ఘనకార్యం వింటే, మీ పిల్లల్ని నా క్లాసుకు పంపడానికి జంకుతారు.

అప్పటికి ఉద్యోగంలో కొత్త. కామారెడ్డిలో టీచర్ల శిక్షణకు వెళితే, ఒకాయన భూమి వేడెక్కడం గురించి చెప్పి నా గుండెల్లో రాయి వేశాడు. కింద కమ్ముకునే దట్టమైన మబ్బులు ఎండను వెనక్కి కొట్టి మనల్ని చల్లగా ఉంచుతాయట. పైన పల్చగా పరుచుకునేవి దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతాయట. మరి వేడెక్కేకొద్దీ కింది మబ్బులు తగ్గిపోతే?

"ఎంత తగ్గుతాయో గట్టిగా చెప్పలేం. అందుకే ముందుముందు వేడి ఎంత పెరుగుతుందన్న అంచనాలు ఒకదానికొకటి కలవవు" అన్నాడాయన.

చెప్పలేరట! డాక్టరు రిపోర్టు చూసి పెదవి విరిచినట్టయింది నాకు. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తే ఆకాశం నున్నగా గీసిన గుండులా ఉంది. ఎండాకాలం ఎప్పుడూ అంతేనన్న సంగతి భయంలో గుర్తొస్తేగా! "అయిపోయింది, మొదలైంది" అనుకుని వణికిపోయాను.

లింగంపేట దగ్గరపడుతుండగా మా ఊరి వైపు, బాగా కిందికి, నల్లగా, దట్టంగా ఒక మబ్బు కనిపించింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అవ్వా, అటు చూడు! గసొంటి మబ్బే మనల్ని కాపాడుతది!" అని పక్కసీటు ముసలామెను కుదిపేశాను.

"గట్లనా సారూ?" అని ఆమె దానికి దండం పెట్టింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చినుకు లేదు ఉరుము లేదు, నేను దానికి రక్షకమేఘం అని పేరు కూడా పెట్టేశాను.

ఫోను మోగింది. బాపు. కట్ చేశాను. పాఠం మధ్యలో ఫోనెత్తడమా!

"మరి గది ఇంకా పెద్దగైతే మంచిదేనా సారూ?" కండక్టరు అడిగాడు.

"ఎంత పెరిగితే గంత మంచిది!"

ఫోను ఆగలేదు. విసుగ్గా ఎత్తాను.

"ఏడున్నవ్‌రా? పక్కోళ్లు పొలంల కోసిన వరి కొయ్యకాళ్లకు అగ్గి పెడితే మన గడ్డివాముకు అంటుకున్నది! బర్లు ఆడనే కట్టేసి ఉన్నయ్‌రా!"

బాపు అరుపు బస్సంతా వినిపించింది. నా రక్షకమేఘం వైపు మళ్లీ చూశాను. అది మా వాము పొగ! డ్రైవరు ఏమీ అడగకుండా బస్సును మా ఊరి వైపు తిప్పి ఉరికించాడు. నాతోపాటు సగం బస్సు దిగి పరుగెత్తింది. దేవుడి దయ, ఎవరో అప్పటికే బర్రెల తాళ్లు విప్పారు. అందరం మోటారు నీళ్లు కొట్టి మంట ఆర్పేసరికి వాము సగం బూడిదైంది.

మసి మొహంతో నిలబడ్డ బాపు దగ్గరికి అవ్వ ఆయాసపడుతూ వచ్చింది.

"అయ్యో, ఎందుకు ఆర్పిండ్రు? నీ కొడుకు గిది ఎంత పెరిగితే గంత మంచిదన్నడు గదా!"

మబ్బులు రేపు మనల్ని ఏం చేస్తాయోనన్న భయం నాకిప్పటికీ ఉంది. కానీ ఆ బూడిదలో నిలబడి, బర్రెల సాక్షిగా ఒట్టు వేశాను: వాసన చూడనిదే ఏ మబ్బునూ పొగడను.