రెండు కలిపి, ఒకటి విడిగా

తిమింగలాల పాటలు వినే కొలువంటే, చుట్టాలంతా ఆవిడకేదో సంగీతం ఉద్యోగం దొరికిందనుకున్నారు. తీరా చూస్తే అది ఊడ్చే పనే. పాటంటే రాగాలనుకునేరు, ఈ జాతి తిమింగలాలు టకటకమనే చప్పుళ్లతోనే మాట్లాడుకుంటాయి. సముద్రంలోకి మైకు దించి పట్టుకొచ్చిన శబ్దాల్లోంచి పడవ మోటారు, గొలుసు గలగల, మనుషుల అలికిడి ఏరి పారేయాలి. పారేసింది మళ్లీ దొరకదు. అసలుది దాచే చోటు ఆఫీసుకు లేదు. మిగిలినదానికి అర్థం వెతకడం చదువుకున్నవాళ్ల వంతు. అందరూ ఆవిడను చెవులక్క అనేవారు.

ఆ పడవ నడిపింది ఆవిడ మొగుడే. మైకు నీళ్లలో దిగగానే ఉంగరంతో పడవ అంచుమీద టకటక... టక్ అని కొట్టేవాడు. రెండు కలిపి, ఒకటి విడిగా. ఇంటి తలుపూ అలాగే కొట్టేవాడు.

"మీ టకటకలు ఏరలేక చస్తున్నాను" అని ఆవిడ సాధిస్తే, "పరాయి ఆడది ఏరితే బాగుంటుందా?" అని నవ్వేవాడు.

పోయినేడు గుండె ఆగి పోయాడు. ఆయన చివరిసారి తెచ్చిన శబ్దాలు వానాకాలం దాటాక ఆవిడ బల్లమీదికి వచ్చాయి. మోటారు తీసేసింది. గొలుసు తీసేసింది. టకటక దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. అలాగే ఉంచి పంపేసింది.

కొన్నాళ్లకు డాక్టరమ్మ పరుగున వచ్చింది. తిమింగలాల మీద పెద్ద చదువు చదివిన చిన్న పిల్ల.

"చెవులక్కా, కొత్త మాట దొరికింది! టకటక... టక్! అది వినగానే మిగతావన్నీ గప్‌చుప్. రేపు మీటింగులో అందరికీ వినిపిస్తున్నా!"

చెబితే ఆ చప్పుడు పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల పదిమందిలో నవ్వులపాలవుతుంది.

"అది తిమింగలం కాదమ్మా. మా ఆయన."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "మరి అవెందుకు ఊరుకున్నాయి?"

"ఏమో. ఇంట్లో మేమూ అంతే. అత్తయ్యా నేనూ ఆయన్ని ఆడిపోసుకుంటుంటే తలుపు చప్పుడయ్యేది. ఇద్దరం ఠక్కున నోళ్లు మూసుకునేవాళ్లం."

నవ్వబోయి డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఓ కాపీ ఫోన్లో పెట్టుకో అక్కా."

"పెట్టుకుంటే రోజంతా తలుపు తీయడానికి లేస్తూనే ఉంటాను."

"పోనీ, నన్ను తీసేయమంటావా?"

"వద్దమ్మా. పరాయి ఆడది ఏరితే బాగుండదు."

ఆఖరిసారి విని, తానే తీసేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి లోపల అత్తగారు పక్కింటావిడ దగ్గర కోడలి కూరల మీద దుమ్మెత్తిపోస్తున్నారు. ఏదో ధ్యాసలో ఆవిడ తలుపు కొట్టింది.

లోపల మాట ఠక్కున ఆగిపోయింది.

తన వేళ్లు ఏం కొట్టాయో అప్పుడు తెలిసింది ఆవిడకు. "నేనే అత్తయ్యా" అందామంటే నోరు పెగల్లేదు.