కోడికో బొంగు

అనంతగిరి దాటి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు మలుపులో గాసి పాక ఉండేది. బొంగు చికెన్ అని ఇప్పుడు ప్రతి మలుపులోనూ బోర్డులున్నాయి గాని, గాసి తండ్రి కాలంలో ఆ వంటకు పేరే లేదు. వేటకు పోయినవాడు గిన్నె మోసుకెళ్లలేక, దొరికిన పిట్టను పచ్చి వెదురు బొంగులో కూరి, అడ్డాకుతో మూతి బిగించి నిప్పుల్లో కాల్చుకునేవాడు. అది గిన్నె లేనివాడి వంట. ఇంటినిండా గిన్నెలున్నవాళ్లు విశాఖపట్నం నుంచి కార్లేసుకొచ్చి అదే కావాలన్నారు. తొంభైల చివర్లో గాసి ఆదివారాలు కాల్చడం మొదలుపెట్టాడు. తర్వాత రోజూ.

పక్కనే వెలసిన రిసార్టుకు మోహన్‌కృష్ణ అనే మైదానపు మనిషి మేనేజరు. గాసికి వ్యాపారం నేర్పింది ఆయనే.

"నిరుటికన్నా ఈ ఏడు ఎక్కువ, ఈ ఏటికన్నా వచ్చే ఏడు ఎక్కువ. ఆగావా, పోయావే."

ఆ మాట గాసికి మంత్రంలా పట్టుకుంది. ఇంటికొచ్చి పెళ్లాం బుద్రికి అప్పజెప్పాడు.

"వచ్చే ఏడు ఎక్కువ సరే. ఆపైన?" అంది బుద్రి.

"ఇంకా ఎక్కువ."

"కొండ కూడా ఎదుగుతాదేటి నీతోపాటు?"

కొండ ఎదగలేదు. వెదురు కొయ్యడానికి అక్కడొక పద్ధతుంది: ముదురు బొంగులు కొయ్యాలి, లేతవి పొదకు వదలాలి. కానీ ముదురుది నిప్పుల్లో ఇట్టే అంటుకుంటుంది. చికెన్‌కు నీరున్న లేత బొంగే కావాలి, అదీ ఒకసారి కాలితే మళ్లీ మంటకు ఆగదు. అంచేత గాసి లేతవి కోసి ముదురువి వదిలాడు. రోడ్డు పక్క పొదలు పోయాయి, గెడ్డనీళ్లకు అవతలివి పోయాయి. మిగిలిన పొదల్లో పిల్లాజెల్లా లేని ముసలి బొంగులు గాలికి కిర్రుమంటూ నిలబడ్డాయి.

అప్పటికే కోడి మైదానం నుంచి వచ్చే బ్రాయిలరు. మసాలా ప్యాకెట్లో వచ్చేది. తినేవాళ్లూ మైదానం వాళ్లే. అరకుదంటూ మిగిలింది వెదురూ, చలీ. ఆ చలి కూడా ఏటేటా పలచబడుతుంటే గాసి పాకలో ఫ్యాను పెట్టించాడు.

ఇక ఒక్క పొద మిగిలింది, ఇంటి వెనక. అత్త నాటిన ఆ పొద ముదురు బొంగులతోనే బుద్రి తట్టలూ చేటలూ అల్లి సంతకు మోసేది. అత్తను మోసిన పాడె కూడా దానిదే.

రెండువేల ఎనిమిది శీతాకాలంలో మోహన్‌కృష్ణ పెద్ద ఆర్డరు తెచ్చాడు. భూమి వేడెక్కిపోతోందట. దాని గురించి మాట్లాడడానికి పెద్దలు ఏసీ బస్సుల్లో వస్తున్నారట. భోజనంలో ప్రత్యేకం గాసి బొంగు చికెనే. గాసి ముందు ఒప్పుకున్నాడు, ఆ తర్వాత వెదురు కోసం చూశాడు.

తెల్లారి కత్తి పట్టుకుని ఇంటి వెనక్కి వెళితే, పొద మొదట్లో పసుపు పూసిన రాయి, పైన ఎర్రగుడ్డ పీలిక. ముందురోజే బుద్రి పూజారిని తీసుకొచ్చింది.

"ఇది దేవుడి పొద. కొత్త సేసిందాకా ఎవులూ ముట్టకూడదు."

కొత్త అంటే కొండల్లో పెద్ద కట్టడి. మామిడైనా సామైనా ముందు దేవుడికి పెట్టి పండగ చెయ్యందే మనిషి ముట్టడు. గాసి ఎంత ఎదిగినా కొత్తకు భయపడేంత మిగిలే ఉన్నాడు.

"కొత్త ఎప్పుడంట?"

"పూజారి సెప్పనేదు. నానడగనేదు."

"మరి రేపు ఆలకేటి పెట్టీది? మాటిచ్చీసినాను."

"పాక ఎనకాల దిబ్బ నిండా తినీసిన బొంగులున్నాయి గదా. ఏరుకో, పో. నీకు సిగ్గేటి?"

ఆమె వెటకారానికి అంది. గాసి నిజంగానే ఏరాడు. పగలని బొంగుల్ని గెడ్డలో తోమాడు, చీలినవాటికి తీగ చుట్టాడు. కోళ్లన్నీ అల్యూమినియం డేగిసాలో ఉడికించి, బొంగుల్లో నింపి, పచ్చి అడ్డాకు కుక్కి, కాసేపు పొగ చూపించాడు.

ఆ బస్సుల్లో వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. సదస్సులో ప్రధాన వక్త ఒక బొంగు పైకెత్తి చూపించాడు. "గిన్నె లేదు, ప్లాస్టిక్ లేదు, వ్యర్థం లేదు. సుస్థిర అభివృద్ధి అంటే ఇదీ." చప్పట్లు చాలాసేపు మోగాయి. నా వంతుకు వచ్చినదానికి తీగ ఉంది. ఆ తీగను విస్తరాకు కిందికి తోసి తిన్నాను. ఆ రోజు అక్కడ వాడినదాన్ని మళ్లీ వాడిన మనిషి గాసి ఒక్కడే అని ఎవరికి చెప్పను?

మోహన్‌కృష్ణ గాసి భుజం తట్టాడు. "వచ్చే ఏడు దీనికి రెండింతలు."

"అలాగే బాబూ. తిన్న బొంగులు మాత్రం పారీకండి. నాకు పంపించీయండి."

"ఎందుకోయ్?"

"దేవుడికి లెక్క సెప్పాల."

ఆ పొదకు కొత్త ఇప్పటికీ జరగలేదు. ముదురు బొంగులు దేవుడికి అక్కర్లేవని తేల్చింది బుద్రే. అవి కోసుకుని తట్టలల్లుతోంది. గాసి చికెన్‌కు మాత్రం అసలైన పాత రుచని పేరొచ్చింది.

మొన్న వానలకు నేను వెళితే, పొద చుట్టూ మొలకలు భూమిని చీల్చుకుని లేస్తున్నాయి. గాసి మురిసిపోతూ చూపించాడు. "నిరుటికన్నా ఈ ఏడు ఎక్కువ, బాబూ."

చేట అల్లుతున్న బుద్రి తలెత్తలేదు.

"మెల్లగా అను. ఆ మేనేజరికి ఇనబడగల్దు."