వారం రోజులు ఫ్లాపీలో ఉన్న ఊరు

మొన్న బీరువా సొరుగు సర్దుతుంటే అడుగున ఒక నల్లటి ఫ్లాపీ దొరికింది. దాని మీద అతికించిన చీటీపై నా చేతిరాతే, "ఉప్పాడ, ఆదివారం" అని. మా మనవరాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది దేని మూత తాతయ్యా అని అడిగింది. నవ్వాను గానీ, నవ్వు ఆగాక మనసు ఎటో వెళ్ళిపోయింది. ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని, వంగితే ఎక్కడ పాడవుతుందోనని సైకిలు మీద నిటారుగా కూర్చుని వెళ్ళిన నా ఈడువాళ్ళకు అది ఎక్కడికి వెళ్ళిందో వేరే చెప్పనక్కర్లేదు.

అప్పట్లో నేను తణుకులో పంచదార ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చెరకు రసం పరీక్షించే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. ఇంట్లో పాత కంప్యూటరు ఉండేది, ఇంటర్నెట్ ఉండేది కాదు. తెలుగు వికీ అని ఒకటుందనీ, అందులో ఎవరైనా తమ ఊరి గురించి రాయవచ్చనీ విని, మా అమ్మ పుట్టిల్లయిన ఉప్పాడ పేజీని నెట్ సెంటర్లో తెరిచి చూస్తే రెండే రెండు వాక్యాలు కనబడ్డాయి. అటు చేపల వేటా ఇటు చీరల నేతా సాగే ఊరు, ఏటేటా సముద్రం కొరుక్కుతింటున్న ఊరు, దానికి రెండు వాక్యాలా అని రోషం వచ్చింది. పోనీ అక్కడే కూర్చుని రాద్దామంటే, రాసే పెట్టె అగ్గిపెట్టెంత, మధ్యలో కరెంటు పోతే రాసిందంతా గంగపాలు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్ళి పేజీ మొత్తాన్ని ఫ్లాపీలోకి ఎక్కించుకుని, ఇంటికి తెచ్చి, వారమంతా డ్యూటీ దిగాక కంప్యూటర్లో రాతకోతలకు నాకు నచ్చిన ఎడిటర్ ప్రోగ్రాంలో తీరిగ్గా దిద్దుకుని, మళ్ళీ ఆదివారం తీసుకెళ్ళి, అక్కడున్నది చెరిపేసి నాది అతికించి వచ్చేవాణ్ణి.

ఆ ఎడిటర్‌కు రంగులూ హంగులూ లేవు. తెల్లటి తెర, ఎడమ అంచున వరస నంబర్లు, అంతే. కానీ ఒక మాట మార్చమంటే వంద చోట్ల ఒక్కసారే మార్చేది, గజిబిజి జాబితా ఇస్తే అక్షరక్రమంలో పేర్చి పెట్టేది. తెలుగులో రాసిన ఫైలును సేవ్ చేసేటప్పుడు వేరే పద్ధతి ఎంచుకోవాలని తెలియక మొదటి వారం నా రాతంతా ప్రశ్నార్థకాలై కూర్చుంటే, నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ మాత్రం, మీరు రాసింది ఇన్నాళ్ళకు మీకే అర్థం కాలేదన్నమాట అని తెగ సంబరపడింది.

ఉప్పాడలో మా పెద్ద మావయ్య, వయసు మీద పడి వేట మానేసిన మనిషి, సముద్రంలో కలిసిపోయిన వీధుల పేర్లన్నీ తెలిసినవారు. ఎన్నిసార్లు అడిగినా, పోయినవాటి ఊసెందుకురా అని దాటవేసేవారు. ఒక వారం ఏ కళనున్నారో, కాకినాడలో టీచరుగా ఉన్న కూతురి దగ్గరికి, అంటే మా మరదలి దగ్గరికి వెళ్ళినప్పుడు, నెట్ సెంటర్లో ఆమె పక్కన కూర్చుని పద్నాలుగు వీధులూ చెప్పారట. మరదలు కాగితం మీద కూడా పెట్టకుండా నేరుగా పేజీలోకి ఎక్కించింది. ఆ సంగతి తెలియని నేను, వారం కిందటి నకలును ముస్తాబు చేసి తీసుకెళ్ళి ఆదివారం దాని మీద అతికించాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మంగళవారం ల్యాబ్‌కు ఫోనొచ్చింది. "బావా, నాన్న చెప్పిన వీధులేవి? శనివారం దాకా ఉన్నాయి కదా!" అని మరదలు. అంతలోనే మావయ్య ఫోను అందుకున్నారు. "ఒరే అల్లుడూ, ఆ ఈదుల్ని సముద్రం ఒకసారి పట్టుకుపోయింది. ఇప్పుడు నువ్వు పట్టుకుపోయావా? మళ్ళీ చెబుదామన్నా అన్నీ గుర్తు రావట్లేదురా." తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

సగం రోజు సెలవు పెట్టి నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. పేజీ పైన "చరిత్ర" అని ఒక మాట నెలల తరబడి కనబడుతూనే ఉంది, నేనెప్పుడూ నొక్కలేదు. దిక్కుతోచక నొక్కితే, ఎవరు ఏ రోజు ఏం రాశారో, ఏం చెరిపారో అంతా అక్కడే ఉంది. మావయ్య పద్నాలుగు వీధులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఫ్లాపీలో ఇంటికి తెచ్చుకుని, చేసిన పాపం కడుక్కునే ఉత్సాహంలో జాబితాను అక్షరక్రమంలో చక్కగా పేర్చి, ఈసారి మధ్యలో ఎవరూ ఏమీ మార్చలేదని రూఢి చేసుకున్నాకే పేజీలో పెట్టి, ఒక ప్రతి అచ్చు తీయించుకుని ఆదివారం ఉప్పాడ బస్సెక్కాను.

మావయ్యకు చదువు రాదు. అప్పటికి సముద్రానికి మొదటి వరసలో మిగిలింది ఆయన వీధే. అరుగు మీద కూర్చుని చదివి వినిపిస్తుంటే రెండో పేరుకే చెయ్యెత్తారు. "అదేంట్రా, అన్నిటికన్నా ముందు పోయింది పాత రేవు ఈది కదా! సముద్రం వచ్చిన వరసలో చెప్పాన్నేను." సముద్రానికి జడిసి రెండుసార్లు ఇల్లు వెనక్కి జరుపుకున్న మనిషికి ఆ వరసే అసలు కథ అని నాకు తట్టలేదు. పెన్ను తీసి ఆయన చెబుతుంటే నంబర్లు వేసుకున్నాను. గుర్తు రావట్లేదన్న మనిషి, వరస అందుకున్నాక, ఏ వీధి ఏ గాలివానకు పోయిందో, చివరి ఇల్లు ఎవరిదో కూడా చెబుతూ ఒక్కటీ తడుముకోలేదు. ఆ సాయంత్రం మావయ్య ముఖంలోని వెలుగు నేనింకా మరిచిపోలేదు. పేజీలో జాబితాను ఆ వరసలోకి మార్చి, మొదట్లో, ఇది సముద్రం వచ్చిన వరస, దయచేసి మార్చవద్దు అని రాసిపెట్టాను.

మావయ్య ఇప్పుడు లేరు. ఫ్లాపీలూ లేవు, బస్సులో నిలబడి ఫోనులోనే దిద్దేస్తున్నారు, మంచిదే. ఒక వాక్యం వారం రోజులు మనతోపాటు ఇంట్లో ఉండి, డ్యూటీకి వచ్చి, అన్నం తినేటప్పుడు కూడా సతాయించే సుఖం మాత్రం పోయింది. మొన్న మనవరాలి చేత ఆ పేజీ తెరిపించాను. నా వాక్యాలు సగానికి పైగా ఎవరెవరో మార్చేశారు, బాగానే మార్చారు. వీధుల జాబితా మాత్రం అలాగే ఉంది, కాకపోతే పద్నాలుగు కాదు, పదిహేను. పదిహేనోది ఆ రోజు మేం కూర్చున్న అరుగు ఉన్న వీధి. అది పోయిందని నాకెప్పుడో తెలుసు, రాయడానికే చేతులు రాలేదు. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి రాసిపెట్టారు. మనవరాలు గట్టిగా చదువుతుంటే మొదటి నుంచి చివరి దాకా విన్నాను. వరస తప్పలేదు.