బొట్టు కోసం తిప్పిన సీటీ

పంపుహౌసులో కొత్త కరెంటు ప్యానెల్ పూజకు పసుపు తడుపుతుంటే, ఆ వాసనకు సుజాత మేడం మీద పాత విసుగంతా లేచింది. నకిరేకల్ దగ్గరి మా ఎత్తిపోతల పథకంలో మొదటి మోటారు తిప్పే ముందు, పరీక్షలు చేయడానికి మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఇంజనీరు ఆమె. నేను అక్కడ ఊడ్చి చాయ్ కాచేదాన్ని. నా పెనిమిటి ఆపరేటరు. అప్పటికి మా బత్తాయి తోట ఆకు ముడుచుకుని నీళ్ల కోసం చూస్తోంది. ఈమేమో సీటీలన్నీ పరీక్షించనిదే మోటారు తిప్పనివ్వదు. తీగలో పారే పెద్ద కరెంటును లెక్క ప్రకారం చిన్నది చేసి రిలేకు చూపించేది సీటీ. అది చూసి, తేడా ఉంటే మోటారును ఆపేది రిలే.

“ఫ్యాక్టరీల పరీక్ష చేసే పంపిన్రు గద మేడం. మళ్ల గిదేంది?”

“గీడ ఎట్ల బిగించిన్రో ఫ్యాక్టరీకేమెరుక అక్కా?”

“మీ పరీక్షలయ్యేసరికి మా చెట్లు పొయ్యిలకొస్తయి.”

“ముందుగాల గీ బ్యాటరీ పట్టుకో” అంది, నవ్వకుండా.

కేబుల్ వచ్చే వైపు బ్యాటరీ తీగ తాకిస్తే మీటరు ముల్లు కుడికి కొట్టాలి. మిగతా సీటీలన్నింటికీ కుడికే కొట్టింది, చివరిదానికి ఎడమకు. ఆ వైపు చెక్కిన అక్షరాలు చదవమంది. నేనప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్నాను. కూడబలుక్కుంటున్నా ఆమె వదల్లేదు. “పీ... రెండు” అన్నాను. అక్కడ ‘పీ ఒకటి’ ఉండాలి, అంటే సీటీ తిరగబడి ఉంది.

సీటీలు బిగించిన మేస్త్రీ తల గోక్కున్నాడు. “పేరు పలక గోడ దిక్కుండె మేడం. బొట్టు పెట్టనీకి రాదని తిప్పి బిగించిన.”

“అయితేమాయె, నీళ్లయితే వస్తయి గద?” అన్నాను.

“రావు. కరెంటు ఉల్టా పోతాందనుకొని రిలే మంచి మోటరును ఆపుతది. తోటలెండుతుంటే మీరూకుంటరా? రిలే తీసేసి నడిపిస్తరు. రేపు నిజంగ కాలితే ఆపేది లేదు. పక్కన నిలబడేది నీ పెనిమిటే.”

మేస్త్రీ సీటీ తిప్పి బిగించాక, ఆమె మళ్లీ మొదటిదాని నుంచి అన్నీ పరీక్షించింది. నీళ్లొచ్చేసరికి గట్టు పక్క చెట్లు కొన్ని పోయాయి. ఆ విషయంలో ఆమె మీద కోపం నాకింకా పోలేదు. పెనిమిటి మాత్రం ఆ మోటారు పక్కనే పనిచేసి, క్షేమంగా రిటైరయ్యాడు.

“జల్ది బొట్టు పెట్టక్కా, ముహూర్తం పోతాంది” అని ఈరోజు కొత్త మేస్త్రీ తొందరపెట్టాడు.

“సీటీల పరీక్ష కానీయ్. అందాంక గీ పసుపు నా చేతిల్నే ఉంటది.”

అతని ముఖంలో విసుగు చూశాను. నాకు బాగా తెలిసిన విసుగే అది.