జొన్నచేనికి నవ్వుల కాపలా

మా నాయనమ్మను మేము జేజి అంటాము. పేరు తిరుపాలమ్మ. ఆమెకు లోకంలో ఇద్దరంటే గిట్టదు. రొట్టె తట్టేటప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడేవాడు ఒకడు. తాను స్నానం చేసేటప్పుడు చుట్టుపక్కల ఎక్కడైనా ఊపిరి పీల్చేవాడు రెండోవాడు. మొదటివాడికి శిక్ష మాడిన రొట్టె. రెండోవాడికి శిక్ష ఏమిటో మొన్నటి చలికాలం దాకా ఎవరికీ తెలియదు. ఆ తప్పు చేసినవాడు అప్పటిదాకా నంద్యాలలో లేడు మరి.

మా చేను ఊరి చివర, కుందూ ఏటి గట్టుకు పోయే వైపు ఉంది. నల్లరేగడి. జేజి ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి కోడలుగా వచ్చిన నాటి నుంచి ఆ మన్ను ఆమె గోళ్లలోంచి పూర్తిగా పోయిన రోజు లేదు. జేజినాయన రంగయ్య పోయాక, ఊళ్లో ఇల్లు మా నాయనకు వదిలేసి చేన్లోనే రేకుల కొట్టం వేసుకుంది. తోడుకు ఒక బర్రెను, నన్ను పెట్టుకుంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ తింటారని ఎవరైనా అడిగితే నన్నే చూపిస్తుంది. పదో తరగతి లెక్కల్లో తప్పి వచ్చినదాన్ని కనుక నేను ఎదురు లెక్క చెప్పను.

కొట్టం వెనక స్నానాల మరుగు ఉంది. మూడు వైపులా తడికలు, నాలుగో వైపు తూర్పు. ఆ వైపు కట్టనివ్వదు. కాగిన నీళ్లు నెత్తిన పోసుకుంటుంటే పొద్దు వీపు మీద పడాలట.

"జేజీ, ఎవరన్నా చూస్తే?" అంటే, "పొద్దు చూడని వొళ్లంటమే ఇది? కలుపు తీసేటప్పుడు దినమంతా చూడల్యా?" అంటుంది. పొద్దుకు మాత్రమే ఆ అనుమతి. మనుషులకు లేదు.

ఇక దారి సంగతి. మా చేను మధ్యలో ఒక కాలిబాట ఉండేది. విత్తనం వేసేటప్పుడు జేజినాయన అక్కడ ఒక సాలు వదిలేసేవాడు. కుందూకు బట్టలు ఉతకడానికి పోయేవాళ్లు, గొర్లు తోలుకుపోయేవాళ్లు దాని మీదే నడిచేవారు. ఆ బాటకు ఒక కట్టుబాటు ఉంది. పైరు ఏదైనా సరే, దారిన పోయేవాళ్లు నిలబడి తిన్నంత తినవచ్చు. ఒడిలో వేసుకుంటే దొంగతనం. పచ్చి శనగ కాయలైనా, లేత కంకులైనా ఇదే చట్టం. జేజినాయన పోయినా జేజి ఆ సాలు వదులుతూనే వచ్చింది. కొట్టం మాత్రం ఆ బాట పక్కనే వేసింది. అప్పట్లో తెల్లారేపాటికి ఆ దారిన పోయేది గాలి ఒక్కటే.

తర్వాత మా చేను అవతల కాలనీ వచ్చింది. కాలనీతోపాటు చక్కెర జబ్బు వచ్చింది. చక్కెర జబ్బుతోపాటు వాకింగు వచ్చింది.

ఆ గుంపుకు పెద్ద, బజారులో బట్టల అంగడి శెట్టి ఉమామహేశ్వరరావు. తెల్ల బూట్లు, చెవుల మీదుగా మఫ్లరు, చేతిలో కుక్కలను తోలే కర్ర. వెనకాల ఆయన భార్య లక్ష్మీనరసమ్మ, ఆమె వెనక ఇంకొందరు. కుందూ గట్టు దాకా పోయి వచ్చేవారు. మా చేను నడిమధ్యకు రాగానే అందరూ ఆగి, చేతులు పైకెత్తి, ఒళ్లు అదిరేటట్టు చప్పట్లు కొట్టి, "హహ్హహ్హా" అని ఆకాశం వైపు నవ్వేవారు. నవ్వితే ఊపిరితిత్తులు బాగుపడతాయని డాక్టరు చెప్పాడట.

"పిచ్చోళ్లు పాపం," అనేది జేజి, పాలు పిండుతూ. "అంత దుడ్లు సంపాదించినాక నవ్వేకి గూడా ఇంకోని చేన్లోకి రావాల."

ఆ ఏడు మేము జొన్న వేశాము. విత్తిన రోజునే కోయిలకుంట్లలో ఆటో తోలే మా నాయన వచ్చి, గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, మొన్నటేడు వాన తినె. పోయినేడు పత్తిని పురుగు తినె. ఈసారి జొన్న గూడా చేతికి రాకపోతే చేను ప్లాట్లకిచ్చేద్దాం. సరేనా?"

"సరే పోరా," అంది జేజి, తల ఎత్తకుండానే. "జొన్న ఇంటికి రాకపోతే ఇచ్చేయ్. నేనడ్డం వస్తే అడుగు."

మా జేజి మాట ఇస్తే తిరగదు. అది ఆమె గొప్పతనం, మా ఖర్మ.

జొన్న మాత్రం మనిషిని దాటి లేచింది. కంకి పాలు పోసుకుంది. పక్క చేను దావీదన్నది. ఆయన కూడా జొన్నే వేశాడు. పిట్టలు ఆయన చేను మీద గుంపులు గుంపులుగా వాలుతుంటే ఆయన ఇంటిల్లిపాదీ డబ్బాలు కొట్టేది. మా చేను మీద ఒక్కటీ వాలేది కాదు. ఆ గొప్పంతా జేజి బెదురుబొమ్మకు కట్టబెట్టింది. దానికి జేజినాయన పాత చొక్కా తొడిగి, ఆయన తలగుడ్డే చుట్టింది.

"బతికున్నప్పుడు మొగం మీది ఈగను తోలుకోల్యా మీ చిన్నాయన," అనేది దావీదన్నతో. "సచ్చినాక చూడప్పా, ఎట్ల తోల్తాండాడో."

ఇంతలో ఆ పొద్దు రానే వచ్చింది. మంచు బాగా కురిసి కట్టెలు తడిసి, రోజూ ఆ గుంపు రాకముందే స్నానం ముగించే జేజికి నీళ్లు కాగేసరికి ఆలస్యమైంది. ఆ మంచులోనే శెట్టి గుంపుకు తామెక్కడున్నదీ తెలియలేదు. చేను మధ్య అనుకుని సరిగ్గా మా మరుగుకు తూర్పు పక్కన ఆగారు. చేతులెత్తారు. చప్పట్లు కొట్టారు. అందరూ ఒక్కసారిగా "హహ్హహ్హా" అన్నారు.

లోపల చెంబు పడిన చప్పుడైంది. క్షణంలో జేజి తడి చీర చుట్టుకుని, నెత్తిన సీకాయ నురగతో, చేత చెంబుతో బయటికొచ్చింది.

"ఏం చూసి నవ్వుతాండారప్పా అంతగా?"

శెట్టి మఫ్లరు కళ్ల మీదికి లాక్కున్నాడు. "అమ్మా, మేమేమీ చూడల్యా. ఊరికే నవ్వినాం. డాక్టరు నవ్వమన్నాడు."

"డాక్టరు నవ్వమంటే పోయి ఆయప్ప వాకిట్లో నవ్వండి! నా మరుగు కాడ నవ్వమన్నాడా?"

"మంచులో తెలియల్యా తల్లీ," అంది లక్ష్మీనరసమ్మ. పాపం ఆమెకు నిజంగానే నవ్వు వచ్చేసింది. జేజి నెత్తి మీది నురగ ముక్కు మీదికి జారుతుంటే నాకూ ఆగలేదు. నేను బర్రె వెనక దాక్కున్నాను.

ఆ మధ్యాహ్నమే దావీదన్న ట్రాక్టరులో ముళ్లకంప వచ్చింది. బాటకు ఈ కొసనా ఆ కొసనా జేజి దగ్గరుండి వేయించింది. సాయంత్రం శెట్టి బతిమాలడానికి వస్తే అందరూ వినేటట్టు చెప్పింది: "ఈ కంప తీస్తే నా పేరు తిరుపాలమ్మ కాదు."

మరుసటి రోజు నుంచి చేను ప్రశాంతంగా ఉంది. జేజి ఎండ వీపున పడేటట్టు తీరిగ్గా, పాటలు పాడుకుంటూ స్నానం చేసింది. పాట వల్ల బర్రె పాలు తగ్గించింది. నా మాట నమ్మరు గానీ నిజం.

తర్వాత చిలకలు వచ్చాయి. వాటి వెనక పిచ్చుకలు, వాటి వెనక గోరింకలు. పొద్దు పొడవగానే దిగి, పాలకంకిని నలిపి, పిండి రాల్చి పోతున్నాయి. ఒక చిలకైతే జేజినాయన తలగుడ్డ మీద కూర్చుని మరీ తిన్నది. జేజి బెదురుబొమ్మ ఎదుటికి పోయి నడుముకు చేతులు పెట్టుకుంది.

"నెత్తి మీద కూసుంటే గూడా పలకవా? నీ బుద్ధి ఇంగ మారదా?"

మంచె కట్టించాము. తెల్లారకముందే ఇద్దరమూ ఎక్కి నేను వడిసెలతో రాళ్లు విసిరితే ఆమె డబ్బా కొట్టేది. నా రాయి ఎక్కడికి పోతుందో పిట్టలకు ముందే తెలుస్తుంది, అటు తప్ప అన్ని వైపులా వాలుతాయి. జేజి గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది. ఇట్లాగే పోతే జొన్న ఇంటికి రాదు. జొన్న రాకపోతే చేను ఉండదు. ఆ మాట మేమిద్దరమూ అనుకోలేదు. అనుకోకపోయినా మా మధ్య మంచె మీద మూడో మనిషిలా అది కూర్చునే ఉండేది.

ఒక పొద్దున అట్లా కూర్చుని ఉండగా దూరం నుంచి చప్పట్లు వినిపించాయి. దారి లేక శెట్టి గుంపు కాలనీలోనే గానుగెద్దుల్లా తిరుగుతోంది. చప్పట్లు అయ్యాయి. "హహ్హహ్హా" అన్నారు. ఆ నవ్వుకు కాలనీ వేపచెట్ల మీద నుంచి పిట్టల గుంపు మబ్బులా లేచింది. గిర్రున తిరిగి నేరుగా మా చేను మీద వాలింది.

జేజి డబ్బా ఒళ్లో పెట్టుకుని అటే చూసింది. వాళ్లు మళ్లీ నవ్వారు. మళ్లీ ఒక గుంపు లేచి మా చేన్లోకే దిగింది.

"రజినీ," అంది. "ఆ నవ్వు మన చేన్లో ఉండాల్సిందిమే."

"మరి పిలుద్దామా?"

"కంప తీసేది ల్యా."

"అయితే ప్లాట్లే."

నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది గానీ మంచె ఊగుతుందని దించుకుంది.  సాయంత్రం కొడవలి తీసుకుని చేను అంచుకు పోయింది. గట్టు వెంబడి ఒక సాలు జొన్నను, నిలువెత్తు పచ్చి పైరును, తన చేతులారా కోయడం మొదలుపెట్టింది. పాలు పోసుకున్న కంకిని కోసేటప్పుడు ఆమె ముఖం నేను చూడలేదు. చూస్తే కొడవలి నాకే ఇస్తుంది. చేను చుట్టూ మనిషి నడిచేంత దారి పడింది. ఆ వారం బర్రెకు పెళ్లి భోజనమే.

మర్నాడు తెల్లారి జేజి లేత కంకులు నిప్పుల మీద కాల్చి నలిపి, బెల్లం కలిపి మూట కట్టుకుని కాలనీకి బయలుదేరింది. వెనకాల నేను. శెట్టి ఆమెను చూడగానే అలవాటుగా మఫ్లరు కళ్ల మీదికి లాక్కున్నాడు.

"తెరువప్పా కండ్లు. చీర కట్టుకోనే వచ్చినా."

మూట విప్పి అందరి చేతుల్లో పెట్టింది. శెట్టి నోట్లో వేసుకుని మెల్లగా అడిగాడు. "కంప తీస్తాండావా తిరుపాలమ్మా?"

"తీసేది ల్యా. ఆ పక్క నా మరుగు. ఆడికి ఎవరూ రాగూడదు. చేను చుట్టూ కొత్త బాట ఇచ్చినా. అంచునే పోండి, అంచునే రాండి."

"చుట్టూ అంటే దూరమైతాది గదమ్మా?"

"నడిసేకి వచ్చినోనికి దూరమెక్కువైతే నష్టమేందప్పా?"

బేరంలో పుట్టి పెరిగిన శెట్టి ఇంకో పిడికెడు నోట్లో వేసుకున్నాడు. లక్ష్మీనరసమ్మ ముందుకొచ్చింది. "ఇంగ నవ్వములే తల్లీ. నీకు ఇబ్బంది."

జేజి కంగారు పడింది. "అట్లనొద్దు! నవ్వకపోతే బాటా ల్యా. ఒక్కో మూల కాడ నిలబడి నవ్వాల. చప్పట్లు గట్టిగా ఉండాల."

"ఎంతసేపు నవ్వాలమ్మా?" అన్నాడు శెట్టి అనుమానంగా.

"పిట్ట లేసేదాకా."

అప్పుడు అర్థమైంది వాళ్లకు. మొదట నవ్వింది లక్ష్మీనరసమ్మ. "అంగట్లో కూసుంటే నవ్వడు, ఇంట్లో నవ్వడు. నీ పుణ్యాన ఈయప్పకు నవ్వే పని దొరికె," అంది మొగుణ్ణి చూపిస్తూ. ఆ రోజు డాక్టరు చెప్పకుండానే అందరూ నవ్వారు.

పోతూ పోతూ జేజి వెనక్కి తిరిగింది. "కొట్టం మీద ఎర్రచీర ఆరేసుంటే ఆ పక్క తల తిప్పగూడదు. చీర ల్యాకపోతే వచ్చి మజ్జిగ తాగి పోండి. కంకులు నిలబడి ఎన్నన్నా తినండి. జేబులో ఏసుకున్నారంటే మాత్రం, శెట్టి అని గూడా చూడను."

ఆ మర్నాటి నుంచి మా చేను పొద్దున్నే పెళ్లిల్లులా ఉండేది. ఒక మూల "హహ్హహ్హా" అనగానే చిలకలు లేచేవి. ఇంకో మూలకు పోయేసరికి అక్కడా అదే పాట. శెట్టి నాలుగో మూల దగ్గర మరీ కష్టపడి నవ్వేవాడు, అక్కడ గోరింకలు మొండివి. ఎర్రచీర కనబడితే గుంపంతా బడిపిల్లల్లా తలలు అవతలికి తిప్పుకుని పోయేది. దావీదన్న ఓర్వలేక గట్టు మీదికి వచ్చాడు. "పిన్నమ్మా, ఆ పిట్టలన్నీ నా చేను మీద పడ్తాండాయి. నా అంచున గూడా ఒక సాలు వదుల్తా, నన్నూ నవ్వించుకోనీ." అట్లా బాట రెండు చేల చుట్టూ తిరిగింది. శెట్టికి ఇంకా దూరమైంది, చక్కెర ఇంకా తగ్గింది.

జొన్న ఇంటికి వచ్చింది. కళ్లంలో కుప్ప చూసి మా నాయన పిడికెడు గింజలు తీసి ఊది నోట్లో వేసుకున్నాడు. ప్లాట్ల మాట ఎత్తలేదు. చుట్టూ పడిన బాటను చూసి మాత్రం అడిగాడు. "ఏందమ్మా, ఇంత జాగా ఒట్టిగా వదిలినావు?"

"ఒట్టిగా ఏముందిరా? అది కూలోళ్లు నడిసే దారి."

"ఏం కూలోళ్లు?"

జేజి నన్ను చూసింది. నేను నవ్వాను. పైన ఎక్కడో ఒక పిచ్చుక ఎగిరిపోయింది.

ముళ్లకంప ఇప్పటికీ పాత బాట కొసల్లో ఎక్కడిదక్కడే ఉంది. కొట్టం మీద ఎర్రచీర ఆరుతుంటుంది. ఈ ఏడు శనగ వేద్దామంటోంది. విత్తే రోజు దావీదన్న ట్రాక్టరు పక్కనే నడుస్తూ, అంచు వెంబడి రెండు సాళ్లు వదలమని చెబుతుందట, శెట్టీ పెండ్లామూ పక్కపక్కన నడవాలని. అంతా బాగానే ఉంది. ఒక్క చిక్కు మాత్రం నిన్న రాత్రి రొట్టె తింటూ బయటపెట్టింది.

"శనగకు పందులు పడ్తాయిమే. అవి రాత్రి పూట గదా వచ్చేది."

"అయితే?"

"ఆ శెట్టి రాత్రి పూట గూడా నవ్వుతాడేమో, మెల్లగా కనుక్కో."