మూడు పుస్తకాల్లో ఎం.ఎస్.

పొట్టి అక్షరాలంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. పెద్ద కారణమేమీ లేదు, నాకు పేజీకింత అని కూలి. నాలుగు మాటలు రాయాల్సిన చోట ఎవరైనా రెండు అక్షరాలు రాసి చుక్క పెడితే నా పేజీ అంత పొట్టిదయ్యేది. డెబ్బైల చివర మదనపల్లెలో, బస్టాండు వెనక సందులో, టైపు మిషను పెట్టుకుని కూర్చున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అర్జీలవాళ్లు. మిగిలినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లు. ఉద్యోగం చేసుకుంటూనే పై డిగ్రీకి పరిశోధన చేసి, ఆ థీసిస్‌ని టైపు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు. వాళ్లతో నాకు ఎప్పుడూ ఒకటే పేచీ.

“సార్, ఈ రెండక్షరాలు ఏమో చదివే పెద్దాయనకి తెలవద్దా? ప్రతిచోటా పూర్తిగా కొట్టేస్తాను.”

“ఏమక్కరలేదు. మా శాస్త్రంలో అందరికీ తెలుసు.”

“అయితే అర్థాలన్నీ ముందర ఒక పేజీలో వేస్తాం సార్. పేజీ అందంగా ఉంటాది.”

ఆ పేజీ కోసమే నేను ప్రతి పొట్టి మాటకీ అర్థం అడిగి తెలుసుకునేవాణ్ణి. చదువు మీద ప్రేమతో కాదు.

నేను పుట్టి పెరిగింది పుంగనూరులో, తాళ్లూ గడ్డపారలూ అమ్మే అంగట్లో. సంత రోజు మా అంగడి ముందర పశువుల దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చేవాళ్లు. వాళ్ల మొహాలు చూసి లోపల ఏ వేలు నడుస్తాందో చెప్పడం మాకు ఆట. మా నాయన మొదటి మాటకి ఒప్పుకున్న రోజు నేను చూళ్లేదు. నా పెళ్లికి అయ్యవారు ముహూర్తం పదింబావు అంటే, “పదకొండు చెయ్యండి సామీ, వంటలు కావద్దా?” అని అడిగిన మనిషి. చివరికి పదిన్నరకి కుదిరింది. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఎవరేం చెప్పినా, అది వాళ్లు దిగి రావడానికి ముందు చెప్పే మాట అనే అనుకునేవాణ్ణి.

ఆ పదిన్నర ముహూర్తానికి నాకు దొరికిన మనిషి పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు కానీ గబగబా చదివేది. పని తొందరగా ఉన్నప్పుడు మేమొక పద్ధతి పెట్టుకున్నాం. ఆమె పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చేతిరాత కాగితం చూసి చదివేది, నేను తల ఎత్తకుండా కొట్టేవాణ్ణి. చుక్కలు కూడా పైకే చదివేది. “కామా. ఫుల్‌స్టాప్. బ్రాకెట్ తెరువు. బ్రాకెట్ మూయి.” సందులో పోయేవాళ్లు వినబడి నవ్వేవాళ్లు. ఆమె గొంతు లేకపోతే నా పని సగం కూడా సాగేది కాదు.

ఎనభైలు మొదలైన కొత్తలో, ఒకే ఎండాకాలంలో మూడు థీసిస్‌లు వచ్చి పడ్డాయి. మూడింటికీ గడువు ఒక నెల అటూ ఇటూ.

మొదటాయన తంబళ్లపల్లె వైపు మెట్టచేలల్లో శనక్కాయ మీద పరిశోధన చేసిన వ్యవసాయం ఆఫీసరు. ఆయన పట్టికల నిండా ఎం.ఎస్. అని ఒక నిలువు వరస ఉండేది. అంటే మీన్ స్క్వేర్. “వేసిన ఎరువు వల్ల వచ్చిన తేడా ఎంత, ఊరికే వచ్చిన తేడా ఎంత అని తూచే రాయి అది,” అన్నాడు. ఎరువు వరసలో అది ఎంత పెద్దగా ఉంటే ఆయనకి అంత సంతోషం. పట్టిక అడుగున ‘ఎర్రర్’ అని ఒక వరస ఉండేది. ఎందుకొచ్చిందో తెలియని తేడానంతా అందులో వేస్తారట.

రెండో ఆయన కుప్పంలో కాలేజీ లెక్చరరు. మల్బరీ మొగ్గ కోసి సీసాలో పెట్టి మొక్కని చేసే పరిశోధన. ఆయన ఎం.ఎస్. అంటే మొగ్గకి పోసే ఆహారం. ఉప్పులూ చక్కెరా విటమిన్లూ కలిపి చేస్తారు, దాన్ని కనిపెట్టిన ఇద్దరు దొరల పేర్లలోంచి ఆ అక్షరాలు. “పసిబిడ్డకి పాలు అనుకో,” అన్నాడు.

మూడో ఆయన మా ఊళ్లోనే పనిచేసే డాక్టరు. ఆయన ఎం.ఎస్. మైట్రల్ స్టెనోసిస్. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ నడుమ ఒక తలుపు ఉంటాదంట. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చినవాళ్లకి ఆ తలుపు గట్టిపడి, సందు చిన్నదయిపోయి, నెత్తురు వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలబడతాది. ఆయన పట్టికల్లో వయసులో ఉన్న ఆడవాళ్లే ఎక్కువ. పేర్లు ఉండవు, వరస సంఖ్యలు మాత్రమే.

“ఈ ఎం.ఎస్. ఎవురయ్యా? అందరి పుస్తకాల్లోనూ దూరతాండాడే!” అనింది ఆమె ఒకరోజు.

“దూరనీలే. వాడు దూరినప్పుడంతా మనకి రెండు మాటలు పోతాండాయి,” అన్నాను.

నవ్వింది. మూడు అర్థాలూ విడమర్చి చెప్పాను. ఆ రోజుల్లో నాకవి గొప్పగా చెప్పుకునే సంగతులు.

డాక్టరు థీసిస్ సగమయ్యేసరికి ఆమె చదువుడు నెమ్మదించింది. వాక్యం మధ్యలో ఆగేది. “నిలబడకు, వేళ్లు చల్లారతాండాయి,” అని కసిరేవాణ్ణి. నాలుగు రోజులు కసిరాక ఆగడం మానేసింది. మళ్లీ దారిలో పడిందనుకున్నాను.

డాక్టరు సరిచూసుకుని కాగితాల కట్ట వెనక్కి తెచ్చాడు. పేజీపేజీకీ ఎర్రసిరా.

“ఏమయ్యా, నా థీసిస్‌లో ఇన్ని కామాలు ఎక్కడివి? ఇక్కడ చూడు, క్రియకి ముందొకటి. ఇక్కడ ఒకే మాటకి అటొకటి ఇటొకటి. నేను రాయలేదే ఇవి!”

నేను ఆమె వైపు చూశాను. ఆమె తల వంచుకునింది.

“ఊపిరి అందకపోతే... కామా అని చెప్పేస్తాండా,” అనింది. “ఊరికే నిలబడితే అరుస్తాడు సార్. కామా అంటే అరవడు.”

డాక్టరు నవ్వలేదు. ఎర్రసిరా కలం మూత పెట్టి, “మేడ మెట్లు ఎక్కితే ఆయాసమొస్తుందా అమ్మా? చిన్నప్పుడు కీళ్లు వాచాయా?” అని అడిగాడు. పక్కరోజు ఆస్పత్రికి రమ్మన్నాడు.

చాలాసేపు చూశాడు. చీటీ మీద రెండే అక్షరాలు రాశాడు. నేను అర్థం అడగాల్సిన పని లేని మొదటి చీటీ అది.

“ఈ వారమే రాయవేలూరు తీసుకుపో. అక్కడ సర్జన్లు గుండెలోకి వేలు పంపి ఆ తలుపు వెడల్పు చేస్తారు. నాడి కూడా తప్పుతోంది. ఇలా తప్పితే లోపల నెత్తురు గడ్డకట్టి మెదడుకి ఎక్కవచ్చు.”

ఈ వారమే, అన్నాడాయన. నా చెవికి అది ధరలాగే వినబడింది.

“రెండు నెలలు పోనీండి సార్. వానలు పడినాక పోతాం.”

“రెండు నెలలేంటయ్యా! చెప్పేది అర్థమవుతోందా?”

“అర్థం కాకేం సార్, మీ పుస్తకమంతా కొట్టింది నేనే కదా. ఏడో పట్టికలో మందులతోనే ఉండేవాళ్లు ఉండారు. వాళ్ల సంఖ్యల ముందర చావు అని లేదే!”

ఆయనకి కోపమొచ్చింది. నేను కోపాలకి అలవాటుపడిన మనిషిని, ఎదుటివాడికి కోపమొస్తే బేరం దగ్గరపడిందని మాకు గుర్తు. మాత్రలు రాయమన్నాను. ఉప్పు మానిపిస్తానన్నాను. బయట వరండాలో ఇంకా ముప్పైమంది నిలబడి ఉన్నారు. ఆయన అలిసిపోయాడు.

“నెల. అంతకు ఒక్కరోజు ఎక్కువ కాదు. మాత్రలు తప్పకూడదు.”

డబ్బుల్లేక కాదు. ఆ నెలలో మూడు థీసిస్‌లు ముగియాలి, చదవడానికి ఆమె కావాలి. అంతే. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆస్పత్రి మెట్లు దిగుతా ఉంటే, వారాన్ని నెల చేశానన్న తృప్తి నా మొహంలో ఉండే ఉంటాది.

చీటీ ఆమె చేతిలో ఉంది. “ఎం.ఎస్. అని ఉండాది. నాది ఏ పుస్తకంలోది?” అని అడిగింది.

“శనక్కాయల పుస్తకంలోది.”

“అట్లయితే ఎంత పెద్దదైతే అంత మంచిది కదా,” అనింది. చీటీ మడిచి నా జేబులో పెట్టింది. మూడు అర్థాలూ నా నోటితోనే విని, డాక్టరు పుస్తకమంతా పైకి చదివిన మనిషి, ఆమెకి తెలియదనుకున్నాను నేను.

మాత్రలకి ఆయాసం కొంచెం తగ్గింది. మళ్లీ పీట మీద కూర్చుంది. నేను కసరడం మానేశాను, దాన్ని కూడా మంచితనం కింద వేసుకున్నాను. శనక్కాయలు అయిపోయాయి, డాక్టరుది అయిపోయింది. మల్బరీ కట్ట కుప్పం చేరిస్తే తీరిపోతాది. నెలకి ఇంకా ఆరు రోజులుంది. దారిలో ఆమెని పుంగనూరులో మా ఇంట్లో దించాను. “నువ్వు వచ్చేదాకా పడుకుంటాలే,” అనింది. తర్వాతి బస్సులో పలమనేరు పోయి, బస్సు మారి కుప్పం పోయాను.

లెక్చరరు అంతా చూసి మెచ్చుకున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా.

“పొట్టి మాటల పేజీ ఒకటి ఉంటే బాగుంటాది సార్. మీ ఎం.ఎస్. సంగతే సూడండి, ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. డాక్టరెవరైనా చదివితే మొగ్గకి గుండెజబ్బు అనుకోడా?”

ఆయన పకపకా నవ్వాడు. వద్దన్నాడు. నేను వదల్లేదు. సాయంత్రానికి ఒప్పుకున్నాడు, కుప్పంలోనే ఒకరి మిషను అడిగి ఆ పేజీ కొట్టాను. ఎం.ఎస్. ఎదురుగా ఆ ఇద్దరు దొరల పేర్లు నీటుగా వేశాను. ఇవతలికి వచ్చేసరికి చివరి బస్సు పోయింది. ఒక్క పేజీ కోసం.

మరుసటిరోజు మధ్యాహ్నం పుంగనూరులో దిగితే అంగడి మూసి ఉంది. మా నాయన అంగడి మూసింది నేనెప్పుడూ చూళ్లేదు. పక్కింటామె బయటికి వచ్చింది.

“పొద్దున నీళ్లు ముంచుకుంటా కూలబడిందప్పా. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినాయి. మాట లేదు. మదనపల్లెకి తీసుకుపోయినారు.”

ఆస్పత్రిలో డాక్టరు నన్ను తిట్టలేదు. నెల అనుకున్నాం కదా సార్, ఇంకా అయిదు రోజులుంది, అని నోటిదాకా వచ్చింది నాకు. గడువు తప్పిన సరుకు గురించి అడిగినట్టు. దాన్ని మింగడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

తర్వాత రాయవేలూరు పోయాం. ఆ తలుపు వెడల్పు చేశారు. ఊపిరి వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం లేదు, కానీ మెట్లెక్కే కాలు లేదు. ఆగకుండా పేజీ చదివేంత ఊపిరి ఉంది, చదివే మాట లేదు.

మాట ఒకటి మిగిలింది. ఆస్పత్రిలో మూడోవారం నీళ్ల చెంబు వైపు చూసి అనింది, “కామా.”

నేను చెంబు అందించాను. నీళ్లు వచ్చేశాయి నా కళ్లల్లో, ఇంక అన్ని మాటలూ వస్తాయనుకున్నాను. రాలేదు. అన్నం కావాలన్నా కామా. దోమ కుట్టినా కామా. పక్కింటి పిల్ల వస్తే సంతోషంతో కామా, నేను పోతాండానంటే కోపంతో కామా. ఇలా ఒకే మాట మిగిలిపోవడం కొందరికి జరుగుతుందని డాక్టరు చెప్పాడు. దానికీ ఏదో పొట్టి పేరు ఉంది. నేను అర్థం అడగలేదు.

ఒకసారి డాక్టరు ఎర్రసిరాతో దిద్దిన పాత కట్ట తీసి ఏడో పట్టిక చూశాను. అడుగున, చిన్న వరసలో నోటు ఉంది. మందులతో ఉన్నవాళ్లు మళ్లీ పరీక్షకి రాలేదు, వాళ్లేమయ్యారో తెలియదు అని. ఆమె చదివింది, నేను కొట్టాను. ఆ నోట్లో కూడా ఎర్రసిరాతో కొట్టేసిన కామా ఒకటుంది.

ఎనభైలు గడిచిపోయాయి. థీసిస్‌లు ఒప్పుకోవడం మానేశాను, అర్జీలు చాలు. ఆమె పీట ఉన్నచోటే కుర్చీ వేసి, అందులో కూర్చోబెట్టి మిషను కొడతాను. నీళ్ల కామా, అన్నం కామా, నొప్పి కామా, ఇప్పుడు గొంతును బట్టి తెలుస్తాయి. చాలావరకు తప్పు పోను.

తెలియని కామా ఒకటుంది. నేను తల వంచి కొడుతూ ఉంటే, ఉన్నట్టుండి నా వైపు చూసి, నెమ్మదిగా అంటాది. నీళ్లా అంటే తల అడ్డంగా తిప్పుతాది. నొప్పా అంటే తిప్పుతాది. నా మీద కోపమా అని ఒకసారి అడిగాను. అప్పుడు తల తిప్పలేదు, ఊపనూ లేదు. చూస్తా ఉండింది.

రోజూ ఒకసారైనా అంటాది. నేను వేళ్లు మిషను మీదినుంచి తీసేసి, ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగేదాకా అట్లే కూర్చుంటాను.