ఉప్పు జాడీ మీద గీత

గాజు ఉప్పు జాడీ మీద స్కెచ్ పెన్‌తో ఒక గీత గీసి, పక్కన ‘సోమ’ అని రాశాను. అక్షరాలు నేర్చి రెండేళ్ళు కాలేదు. నా సొంత పని కోసం నేను రాసిన మొదటి మాట అదే. కోడలు కూరల్లో ఉప్పు ఎక్కువ వేస్తోందేమో కనిపెట్టడానికి రాశాను. నాకు అక్షరాలు నేర్పింది ఆ కోడలే.

ఆమెది హోసూరు పక్క. తెలుగు బడిలో చదివింది. మా ఉడుమలైపేట వైపు బయటంతా తమిళమే; ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతామే కానీ రాయడం చదవడం ఎవరికీ రాదు. మధ్యాహ్నం వంట పని అయ్యాక ఆమె నా పక్కన కూర్చునేది, నేను గట్టిగా చదివేదాన్ని. మనసులో చదవడం నాకు ఇప్పటికీ చేతకాదు. పేజీ అయ్యేసరికి గొంతు ఆరిపోయేది. అందుకని నాటుమందుల అంగడిలో అతిమధురం పుల్లలు కొని, ఒకటి బుగ్గన పెట్టుకుని రసం మింగుతూ ఉండేదాన్ని.

ప్రెషర్ చాలా ఎక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పినప్పుడు మొదట ఆ డాక్టరమ్మనే అనుమానించాను. కొందరికి డాక్టరును చూస్తేనే ప్రెషర్ ఎక్కుతుందని, ఇంట్లో మామూలుగా ఉంటుందని ఆమే చెప్పింది. నాదీ ఆ రకమే అయ్యుంటుందని మిషను తెప్పించి వారం రోజులు ఇంట్లో చూసుకున్నాను. దిగలేదు. అప్పుడు మిషను మీద అనుమానం వచ్చి కోడలి చేతికి చుట్టాను. ఆమెకు సరిగ్గానే చూపించింది.

డాక్టరమ్మ బిళ్ళలు రాసి ఇంకో మాట కూడా చెప్పింది. చాలామందికి ఇదీ కారణమని ఒక్కటి చూపించలేరట. వయసు, వంశం, ఉప్పు, బరువు అన్నీ కలిసి మెల్లగా తెస్తాయట. కొందరికి మాత్రం వెనక వేరే ఏదో ఉంటుందట: కిడ్నీ జబ్బో, గ్రంథుల జబ్బో, వాడే మందో. ఆ ‘వెనక ఏదో’ అన్నది నా చెవిలో ఉండిపోయింది. నా వెనక వంటింట్లో ఉండేది కోడలే.

మూడో రోజే ఆమె గీతను చూసింది.

“ఏమత్తా, జాడీకి సోమవారం ఏమిటికి?”

“చుమ్మా, ఊరికే రాసి చూస్తిని.”

“చుమ్మానా? నా కంట్లో పడకుండా వెనక పక్క రాసినారే! మీకు చదువు చెప్పింది పోలీసు ఉద్యోగానికా?”

మరునాటి నుంచి నాకు వేరే పొయ్యి పెట్టుకుని, ఉప్పు లేకుండా వండుకున్నాను. కొడుకు రెండు గిన్నెలూ మూత తీసి చూసి, “ఇంట్లో ఉండేదే ముగ్గురం, రెండు రసాలా?” అన్నాడు. మధ్యాహ్నం చదువు ఆగిపోయింది. పంతంకొద్దీ నేనొక్కదాన్నే చదివాను. తప్పు దిద్దేవాళ్ళు లేక ఒక్కో వాక్యం పదిసార్లు చదివేదాన్ని. గొంతు ఇంకా ఆరింది. పుల్లలు ఇంకా నమిలాను.

ఉప్పు మానినా ప్రెషర్ ఇంకా పెరిగింది. పిక్కలు పట్టేయసాగాయి. ఆస్పత్రికి బయలుదేరితే, పిలవకపోయినా కోడలు నాతో బస్సెక్కింది, ముందు సీట్లో కూర్చుంది. రక్తపరీక్ష కాగితం చూసి, పొటాషియం తగ్గిపోయిందని డాక్టరమ్మ నా మొహంలోకి చూసింది.

“వేరే ఏమన్నా మందు తింటున్నారా?”

“ఏమీ లేదు” అన్నాను. పుల్ల మందని నేను ఏనాడూ అనుకోలేదు.

“అతిమధురం తింటారు మేడం” అంది వెనక నిలబడ్డ కోడలు. “పొద్దుటి నుంచి పడుకునే దాకా బుగ్గనే ఉంటుంది.”

నా మీద సాక్ష్యం చెప్పడానికే వచ్చిందనుకున్నాను. ఎక్కువగా తింటే ఆ పుల్లే ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచి ప్రెషర్ పెంచుతుందని డాక్టరమ్మ చెబుతున్నా, ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారేమో అనిపించింది. తియ్యటి పుల్ల ఉప్పు పని చేస్తుందా? నమ్మకపోయినా మానాను, వాళ్ళ మాట అబద్ధమని చూపించాలని.

కొన్ని వారాలకు ప్రెషర్ దిగింది, పిక్కల నొప్పీ పోయింది. పూర్తిగా దిగలేదు. మిగిలింది వయసుదీ వంశానిదీ కావచ్చని ఒక చిన్న బిళ్ళ మాత్రం ఉంచింది డాక్టరమ్మ. మీ అమ్మకు ఉండేదా అని అడిగింది. మా అమ్మకు ఎవరూ పట్టీ చుట్టి చూడలేదు.

ఇంటికి వచ్చి నా పొయ్యి ఎత్తేశాను. తడిగుడ్డతో జాడీ తుడిచాను. ‘సోమ’ పలచబడింది కానీ పోలేదు. మధ్యాహ్నం పుస్తకం తీసుకుని కోడలి పక్కన కూర్చున్నాను.

“నాదే తప్పమ్మా. నీ మీద అనుమానపడినాను. పోనియ్యి.”

“పోనిచ్చేది తరవాత. ముందు నోరు తెరవండి.”

“ఏమిటికి?”

“తెరవండత్తా. నాకూ అనుమానం ఉండకూడదా?”

తెరిచాను. ఈ బుగ్గ, ఆ బుగ్గ, నాలుక కింద కూడా చూసింది. తరవాత చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, “ఇప్పుడు చదవండి” అంది.